కిరసనాయిలు సీసా పక్కన పెట్టి దువ్వెన తీయండి

పిల్లల తలలో పేలు కనిపించాయని తెలిస్తే సలహా చెప్పనివాళ్లంటూ ఉండరు. పక్కింటి పిన్ని కిరసనాయిలు రాయమంటుంది. అత్తయ్య సీతాఫలం గింజలు నూరి పట్టించమంటుంది. మందుల షాపు అబ్బాయి ఏదో షాంపూ చేతిలో పెట్టి, "రేపటికల్లా ఒక్కటి ఉంటే అడగండి మేడమ్" అంటాడు. బడిలో టీచరమ్మ తగ్గేదాకా పంపొద్దంటుంది. వీళ్లలో పిల్లకు చెడు కోరేవాళ్లు ఎవరూ లేరు. కానీ ఈ సలహాలన్నీ తొందరలోంచి పుట్టినవే. రాత్రికి రాత్రే పీడ వదిలిపోవాలి, తెల్లారేసరికి నలుగురికీ తెలియకూడదు. పేను మన తొందరను పట్టించుకోదు. దాని లెక్క వారాల్లో ఉంటుంది. ఆ లెక్క తెలియకుండా చెప్పే సలహా ఎంత ప్రేమగా చెప్పినా పనిచేయదు, కొన్నిసార్లు పిల్ల కంటి మీదికీ ప్రాణం మీదికీ తెస్తుంది. అందుకే తరచూ వినిపించే తప్పుడు సలహాలను ముందు పెట్టుకుని, ఏది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఆ లెక్క చూద్దాం. ఆడ పేను నెల రోజుల దాకా బతుకుతుంది. రోజుకు 6 నుంచి 10 గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డునూ ఒక్కో వెంట్రుక మొదట్లో, మాడుకు 6 మిల్లీమీటర్ల లోపే, జిగురుతో అతికిస్తుంది. వాటినే ఈపులంటాం, కొన్నిచోట్ల ఈర్లంటారు. వారం నుంచి పది రోజుల్లో గుడ్డు పగిలి పిల్లపేను బయటికొస్తుంది. ఇంకో వారం పది రోజులకు అదీ పెద్దదై గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఇవాళ తలలో తిరిగే పేలన్నిటినీ చంపినా, అతికి ఉన్న ఈపులు వచ్చే వారం పొదుగుతాయి. కింద చెప్పబోయేదంతా ఈ నాలుగు ముక్కల మీదే ఆధారపడి ఉంది.

"తల గోక్కున్నప్పుడు చూస్తే సరిపోతుంది"

సరిపోదు. పేను కుట్టగానే దురద పుట్టదు. దాని లాలాజలం పడక ఒంట్లో వచ్చే ఎలర్జీయే ఆ దురద. మొదటిసారి పేలు పట్టిన పిల్లకు అది మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే పిల్ల గోక్కోవడం మన కంట పడేసరికి తలలో రెండో తరం కూడా పెరిగిపోయి ఉండొచ్చు. ఈ నెలన్నరలో ఆ పిల్ల బెంచీలో పక్కన కూర్చున్నవాళ్లతో, రాత్రి పక్కన పడుకున్న చెల్లెలితో తల ఆనించకుండా ఉంటుందా? దురద కోసం కాచుకుని కూర్చోవడమంటే పేలకు గడువు ఇవ్వడమే. బడికి వెళ్లే పిల్లలున్న ఇంట్లో వారానికొకసారి తల చూడటం అలవాటు చేసుకోవాలి. ఎలాగూ తలంటు పోసే ఆదివారం అందుకు బాగుంటుంది.

చూడటంలోనూ ఒక పొరపాటు ఉంది. ఎండలో కూర్చోబెట్టి, పాయలు విడదీసి, కళ్లతో వెతకడం మనకు అలవాటు. పేను వెలుతురు పడగానే పరిగెత్తి వెంట్రుకల్లో దూరుతుంది. పొడి జుట్టులో పెద్ద పేలు పది ఉన్నా ఒక్కటీ కనబడకపోవచ్చు. అదే తడి జుట్టులో అయితే అవి కదలకుండా ఉండిపోతాయి. కాబట్టి తలంటు పోసి, తుడిచి, జుట్టు తడిగా ఉండగానే కండిషనరు కానీ కొబ్బరినూనె కానీ ధారాళంగా పట్టించండి. ముందు పెద్ద పళ్ల దువ్వెనతో చిక్కు తీయండి. తరవాత పేల దువ్వెన అందుకోండి. పాత ఇళ్లలో ఈరుపెన అనేవారే, అదే. ఇప్పుడు దొరికేవాటిలో ఇనుప పళ్లవి మేలు. పళ్ల మధ్య సందు 0.3 మిల్లీమీటర్లకు మించితే పిల్లపేలు జారిపోతాయి.

పిల్ల వీపు వైపు కూర్చుని, మెడ మీద జుట్టు నుంచి మొదలుపెట్టండి. పళ్లు మాడుకు తగలాలి. అక్కణ్ణుంచి వెంట్రుక చివరిదాకా ఆగకుండా ఒకే దువ్వు. దువ్విన ప్రతిసారీ దువ్వెనను తెల్లటి పాత పంచె ముక్క మీద తుడవాలి. నూనెతో పాటు నువ్వుగింజంత గోధుమరంగు చుక్క బట్ట మీదికి వస్తుంది. కాసేపు చూస్తూ ఉండండి, కాళ్లు కదుపుతుంది. అదే పెద్ద పేను. పిల్లపేలు ఇంకా సన్నగా, లేత రంగులో ఉంటాయి, వాటికి మంచి వెలుతురు కావాలి, చత్వారం ఉన్నవాళ్లకు కళ్లద్దాలూ కావాలి. మెడ వెనక, చెవుల వెనక రెండేసి సార్లు దువ్వండి, పేలు ఎక్కువగా గుడ్లు పెట్టేది అక్కడే. నడుము దాకా జుట్టున్న పిల్లకు అరగంట పైనే పడుతుంది. ఆ అరగంట పిల్ల కదలకుండా కూర్చోవాలంటే చేతికో కథల పుస్తకమో, పక్కన కబుర్లు చెప్పే అమ్మమ్మో ఉండాలి.

ఈపికీ చుండ్రుకూ తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. చుండ్రు ఊదితే లేచిపోతుంది. ఈపి వేలితో తోసినా జరగదు, రెండు గోళ్ల మధ్య గట్టిగా పట్టి వెంట్రుక కొసదాకా లాగితేనే ఊడుతుంది. ఇంకో సంగతి. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మాడుకు సెంటీమీటరు కన్నా దూరంలో తెల్లగా మెరిసే ఈపులే ఉండి, పాకే పేను ఒక్కటీ దొరక్కపోతే అవి చాలావరకు ఖాళీ పెంకులే. వాటిని చూసి బెదిరి మళ్లీ మందు రాయకండి.

"శుభ్రంగా ఉంచుకుంటే పేలెందుకు పడతాయి?"

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే మాట ఇది. తల్లి పెంపకాన్నే తప్పుపట్టే మాట. పేనుకు రెక్కలు లేవు, గెంతే కాళ్లూ లేవు. వెంట్రుక పట్టుకుని పాకడం ఒక్కటే దానికి చేతనవును. తలకు తల ఆనినప్పుడే ఒకరి నుంచి ఇంకొకరికి పాకుతుంది. ఆ తల నిన్న తలంటు పోసుకున్నదా, పదిరోజులుగా నీళ్లు తగలనిదా అన్నది దానికి అనవసరం, కింద రక్తం ఉంటే చాలు. నీళ్లలో మునిగినా వెంట్రుకను పట్టుకుని గంటల తరబడి ఉండగలదు కాబట్టి రోజూ తలంటు పోసినా పోదు. "వేడి చేసింది, అందుకే పేలు పడ్డాయి" అనే మాటలోనూ నిజం లేదు. పేను ఒంట్లో పుట్టదు, మరో తల నుంచే వస్తుంది.

డబ్బున్న ఇళ్లకు పేలు రావనుకుంటే ఒక దువ్వెన సంగతి చెబుతాను. ఇజ్రాయెల్‌లోని పురాతన నగరం లాఖీష్ తవ్వకాల్లో అగ్గిపెట్టెలో పట్టేంత చిన్న దంతపు దువ్వెన దొరికింది. దాని వయసు దాదాపు 3,700 ఏళ్లు. దాని మీద గీసిన 17 అక్షరాలను పరిశోధకులు చదివి 2022లో బయటపెట్టారు. జుట్టులోనూ గడ్డంలోనూ ఉన్న పేలను ఈ దువ్వెన తొలగించుగాక అన్నది దాని భావం. కనాను లిపిలో ఇప్పటిదాకా దొరికిన మొదటి పూర్తి వాక్యం అదే. దువ్వెన పంటి మీద పేను అవశేషం కూడా కనబడింది. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఏనుగులు లేవు, దంతం బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి. అంత ఖరీదైన దువ్వెన కొనుక్కోగలిగిన మనిషికీ పేలు తప్పలేదు. ఇక ఇప్పటి మాటకొస్తే, అమెరికాలో 3 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో ఏటా 60 లక్షల నుంచి కోటీ 20 లక్షల మందికి పేలు పడతాయని అక్కడి ఆరోగ్య సంస్థ అంచనా. అక్కడున్న మన తెలుగు పిల్లలూ ఆ బడుల్లోనే చదువుతున్నారు. పేలు పట్టిన పిల్లను మురికిపిల్ల అని పిలిచే హక్కు ఎవరికీ లేదు.

"కాస్త కిరసనాయిలు రాసి గుడ్డ కట్టు, తెల్లారేసరికి చచ్చి ఊరుకుంటాయి"

కొరివితో తల గోక్కోవడమంటే అక్షరాలా ఇదే. కిరసనాయిలు మాడును కాలుస్తుంది, రాత్రంతా గుడ్డ కట్టి ఉంచితే బొబ్బలెక్కుతాయి. గోక్కుని పుండ్లు పడిన తల అయితే మంట చెప్పనలవి కాదు. చిన్నపిల్లల నోట్లోకి కాస్త వెళ్లి పొర పోయినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కిరసనాయిలు తడి ఆరని జుట్టుతో పిల్ల పొయ్యి దగ్గరికో, దేవుడి దీపం దగ్గరికో వెళ్తే నిప్పంటుకుంటుంది. పెట్రోలు, టర్పెంటైను అయితే ఇంకా ప్రమాదం. ఇంత చేసినా ఈపులు చస్తాయన్న నమ్మకం లేదు.

సీతాఫలం గింజల గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అది చెట్టు మందు కాబట్టి మంచిదేనని జనం నమ్ముతారు. మన రెండు రాష్ట్రాల్లోనూ సీతాఫలాల కాలం రాగానే గింజలు ఎండబెట్టి, పొడిచేసి, నూనెలో కలిపి తలకు పట్టించే ఇళ్లున్నాయి. ఆ గింజలో పురుగుల్ని చంపే విషం ఉన్నమాట నిజమే. ఆ విషమే కంట్లో పడితే నల్లగుడ్డు మీది పలచని పొరను ఊడదీస్తుంది. తల కడిగేటప్పుడు నురుగుతో పాటు కంట్లోకి జారుతుంది, లేదా పిల్ల నిద్రలో తల గోక్కుని అదే చేత్తో కన్ను నులుముకుంటుంది. కొన్ని గంటల్లో కన్ను ఎర్రబడి, నీళ్లు ధారకట్టి, వెలుతురు చూడలేక, రెప్ప తెరవలేక విలవిల్లాడుతుంది. దక్షిణాది కంటి ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లకు ఇది బాగా తెలిసిన కేసు, వైద్య పత్రికల్లోనూ రాశారు. వేళకు వైద్యం అందితే చాలామందికి నయమవుతుంది. ఆలస్యమై కంట్లో చీము పడితే మచ్చ మిగిలిపోయే ప్రమాదం ఉంది. పొరపాటున పడితే ఆ క్షణమే మంచినీళ్ల ధార కింద కనీసం పావుగంట కన్ను కడిగి, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేయకండి.

కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమనే చిట్కా ప్రతి ఫోనులోనూ తిరుగుతోంది. కర్పూరం పసిపిల్లలకు విషం. కాస్త మింగినా నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు, చర్మం లోంచి కూడా ఒంట్లోకి ఇంకుతుంది. ఆ నూనె సీసా మంచం పక్కన ఉంటే రెండేళ్ల బిడ్డ చేతికి అందుతుంది. 

చీమల చాక్‌పీసు గీకి తలలో చల్లేవాళ్లున్నారు. పత్తి చేనుకు తెచ్చిన మందు మూతెడు నీళ్లలో కలిపి రాసేవాళ్లున్నారు. ఈ రెండోది ప్రాణాలు తీస్తుంది. పురుగుమందుల్లో చాలావాటిని మాడు చర్మం ఇట్టే పీల్చుకుంటుంది, గోక్కున్న గాట్లుంటే మరీ త్వరగా. నోట్లోంచి చొంగ కారడం, విపరీతంగా చెమట పట్టడం, కంటిపాప చిన్నదవడం, ఊపిరి ఆడకపోవడం కనబడితే పేల సంగతి వదిలేసి తలను, ఒంటిని సబ్బుతో కడిగి 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా వెంట తీసుకెళ్లండి, పేరు తెలిస్తే డాక్టరు పని సగం తగ్గుతుంది.

"మంచి మందు ఒక్కసారి పూస్తే చాలు"

మందుల షాపులో పేలకు దొరికేవాటిలో ఎక్కువగా వాడేది 1 శాతం పెర్మెత్రిన్ లోషన్. 5 శాతం క్రీము కూడా ఉంటుంది, అది గజ్జికి. రెంటినీ కలగలపకండి. రెండు నెలల లోపు బిడ్డలకు ఇది వాడకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడిగి వాడాలి. కండిషనరు లేని షాంపూతో తల కడిగి, తువ్వాలుతో తుడిచి, మాడంతా తడిసేలా మందు పట్టించి, పది నిమిషాలు ఉంచి కడిగేయాలి. ఒళ్లంతా మందు కారకుండా తల ముందుకు వంచి పంపు కింద కడగడం మంచిది. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ చస్తాయనుకుని రాత్రంతా ఉంచేయకండి. తరవాత ఒకటి రెండు రోజులు తలంటు పోయకండి.

అసలు ముఖ్యమైన మాట ఇప్పుడు. ఈ మందు ఈపులన్నిటినీ చంపదు. మిగిలినవి వారం పది రోజుల్లో పొదుగుతాయి. కాబట్టి తొమ్మిదో రోజున రెండోసారి రాయాలి. ఈ రెండోసారి మానేసే ఇళ్లలోనే "ఎన్ని మందులు వాడినా పేలు తగ్గట్లేదు" అనే మాట వినిపిస్తుంది. మొదటిరోజునే గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీయండి. మందు రాసిన మర్నాడు కూడా పేలు చురుగ్గా పాకుతుంటే వాటికి ఆ మందు పనిచేయడం లేదని అర్థం. చాలా దేశాల్లో పెర్మెత్రిన్‌కు లొంగని పేలు పెరిగాయి. అప్పుడు అదే మందు మళ్లీ మళ్లీ రాయకుండా డాక్టరును అడిగితే డైమెథికోన్ లాంటి వేరే రకం రాసిస్తారు. ఐవర్‌మెక్టిన్ మాత్ర షాపులో అడిగి మింగించడం వద్దు. 15 కిలోల లోపు పిల్లలకు ఆ మాత్ర ఇవ్వరు. పశువుల మందు సంగతి తలవనే కూడదు.

మందు వద్దనుకుంటే దువ్వెన ఒక్కదానితోనూ గెలవచ్చు, ఓపిక ఉండాలంతే. మొదటి రోజు, అయిదో రోజు, తొమ్మిదో రోజు, పదమూడో రోజు పైన చెప్పినట్టు తడి జుట్టును నూనెతో దువ్వాలి. పొదిగిన పిల్లపేను పెద్దదై గుడ్డు పెట్టకముందే దువ్వెనకు దొరకాలన్నది ఈ రోజుల లెక్క. పదిహేడో రోజు చూసినప్పుడు ఏమీ దొరక్కపోతే వదిలిపోయినట్టే. మందు రాసినవాళ్లకూ మధ్యలో ఇలా దువ్వడం మేలే చేస్తుంది.

"తగ్గేదాకా బడికి పంపకండి, జుట్టు కత్తిరించేయండి"

తలపేను రోగాలు మోసుకు రాదు. టైఫస్ జ్వరం తెచ్చేది ఒంటి పేను. 1909లో ఆ సంగతి కనిపెట్టిన శాస్త్రవేత్త షార్ల్ నికోల్‌కు 1928లో నోబెల్ బహుమతి వచ్చింది. తలలో పేలున్నాయని తెలిసేసరికే పిల్ల నెలరోజులుగా అదే తరగతిలో కూర్చుంటోంది. ఇవాళ మధ్యాహ్నం ఇంటికి పంపినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు, చదువు పోవడం తప్ప. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదీ ఇదే, పేలున్నాయనీ ఈపులున్నాయనీ పిల్లల్ని బడి మాన్పించొద్దని.

ఇక హాస్టళ్లు. ఒకే మంచం మీద ఇద్దరేసి పడుకునే గదుల్లో పేలు పాకకుండా ఎలా ఉంటాయి? దానికి శిక్షగా ఆడపిల్లల జుట్టు మెడ దాకా కత్తిరించే వార్డెన్ల గురించి విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మొక్కు తీర్చుకోవడానికి ఇష్టంగా ఇచ్చే తలనీలాలు వేరు. ఏడో తరగతి పిల్లను కూర్చోబెట్టి, ఆమె ఏడుస్తుంటే, నలుగురి ముందు కత్తెర వేయడం వేరు. గుండు చేస్తే పేలు పోతాయి, కాదనను. కానీ ఇంత సులువైన వైద్యం ఉండగా పిల్ల మనసును గాయపరచడం వైద్యం కాదు. హాస్టల్లో చేయాల్సింది ఒకటే. ఒక గదిలో ఉన్నవాళ్లందరి తలలూ ఒకే రోజు దువ్వెనతో చూడాలి, పేలున్న ప్రతి పిల్లకూ, ఆ పిల్ల మంచం పంచుకునే పిల్లకూ అదే రోజు మందు రాయాలి, తొమ్మిదో రోజు మళ్లీ. పదిమందిలో తొమ్మిదిమందికి రాసి ఒకరిని వదిలేస్తే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది. పేలున్న పిల్లల పేర్ల చిట్టా మాత్రం ప్రార్థనలో చదవకూడదు.

"ఇల్లంతా మందు కొట్టించాలి"

అక్కర్లేదు. తల వదిలిన పేను రక్తం దొరక్క ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. గడిచిన రెండు రోజుల్లో వాడిన దిండు గలీబులు, దుప్పట్లు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికి ఎండేస్తే సరి. దువ్వెనల్ని బాగా వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచండి. పరుపు మీద దోమల మందు కొట్టకండి, దాన్ని పీల్చేది పిల్లే. పెంపుడు కుక్కకూ పిల్లికీ మన పేలతో సంబంధం లేదు.

మళ్లీ రాకుండా ఉండటానికి వేపాకు, వెల్లుల్లి, రకరకాల వాసన నూనెలు చెబుతారు. అవి పేలను ఆపుతాయన్న గట్టి రుజువు లేదు. బడికి వెళ్లేటప్పుడు జుట్టు విరబోయకుండా బిగించి రెండు జడలు వేస్తే తలలు ఆనినా పేనుకు పట్టు చిక్కడం తగ్గుతుంది. వారం వారం దువ్వెన ఎలాగూ ఉంది. పుండ్లు చీము పట్టినా, చెవి వెనక బిళ్లలు కట్టినా, జ్వరం వచ్చినా దువ్వడం ఆపి డాక్టరుకు చూపించండి.

"ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది"

చివరగా ఈ సలహా. పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పేది, మిగతా అన్నిటికన్నా ఎక్కువ పేలను పెంచేది ఇదే. మీ అమ్మాయి తల మీరు ఎంత బాగా దువ్వినా, ట్యూషన్‌లో ఒకే చాప మీద కూర్చునే పిల్ల తల ఎవరూ చూడకపోతే రెండు వారాల్లో మళ్లీ పాకుతాయి. పేలు దొరికిన సాయంత్రమే ఫోన్ తీసి, "మా పాపకి పేలు కనిపించాయి వదినా, ఇవాళ దువ్వాం. మీ పాప తల కూడా ఒకసారి తడిపి దువ్వి చూడండి" అని చెప్పండి. ఆటో పంచుకునే పిల్లల తల్లులకూ, సెలవుల్లో కలిసి పడుకున్న అక్కచెల్లెళ్ల ఇళ్లకూ చెప్పండి. ఇంట్లో అమ్మమ్మ తలా, మీ తలా కూడా ఆ రోజే ఎవరిచేతనైనా దువ్వించుకోండి. తొమ్మిదో రోజున మీరు రెండోసారి మందు రాసేటప్పుడు వాళ్లకూ ఇంకోసారి ఫోన్ చేసి గుర్తుచేయండి.